కార్తీక మాసంలో పెళ్లిరోజు: భార్యతో విశాఖలోని పెద్ద చైనీస్ రెస్టారెంటుకు వెళ్లాలనుకుంటున్నాను, సలహాలు కావాలి

కోటగుమ్మం (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి మా పెళ్లిరోజు కార్తీక మాసంలో పడింది. ఇన్నాళ్లూ మేమిద్దరం బయట తినడమంటే ఊళ్లోని టిఫిన్ హోటళ్లు, గంటస్తంభం పరిసరాల్లో సాయంత్రం పూట పెట్టే ఫాస్ట్‌ఫుడ్ బండ్లు మాత్రమే. ఆ బండి మీద చేసే గోబీ మంచూరియా, వెజ్ నూడుల్స్ నా భార్యకు చాలా ఇష్టం. చైనాలో నిజంగా ఇలాగే వండుకుంటారా అని ఆమె ఎన్నోసార్లు అడిగింది, నేను ఏనాడూ సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకని ఈ పెళ్లిరోజుకు విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒక స్టార్ హోటల్లో ఉన్న చైనీస్ రెస్టారెంటుకు ఆమెను తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాను.

అయితే ఒక చిక్కు ఉంది. కార్తీకమంతా ఆమె మాంసం, చేప, గుడ్డు ముట్టదు, ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తుంది. బయట తినడానికి అభ్యంతరం లేదు గాని, తినేదానిలో ఏముందో ఆమెకు కచ్చితంగా తెలియాలి. నాకు అలాంటి నియమం ఏదీ లేదు. అక్కడి మెనూ ఇంటర్నెట్‌లో చూస్తే సగం పేర్లు అర్థం కాలేదు. ఇద్దరికి అయిదు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి, ఆమె అక్కడ ఇబ్బంది లేకుండా కూర్చుని తృప్తిగా తినాలంటే నేను ముందుగా ఏమి చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

తోటపాలెం సోదరి (విజయనగరం)

అన్నయ్య గారూ, ముందు శుభాకాంక్షలు. మీరు మెనూ చూసి అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నారు, కాని ఆ మెనూను మా వదిన గారికి చూపించారా లేదా అన్నది మీరు రాయలేదు. నియమం పాటిస్తున్నది ఆమె. ఎక్కడికి తీసుకువెళుతున్నారో అక్కడికి చేరే వరకు చెప్పకుండా దాచి, సర్వర్ ఎదురుగా నిలబడి ఉండగా "ఏం తింటావు?" అని అడిగితే, నియమంలో ఉన్న ఏ ఆడమనిషైనా "మీ ఇష్టమండీ" అనే అంటుంది. ఆ తర్వాత ఒక ఫ్రైడ్ రైస్ తెప్పించుకుని, దానిలో ఏముందో అనే సందేహంతోనే భోజనం ముగిస్తుంది. ముందు రోజు రాత్రి ఇంట్లో ఇద్దరూ కలిసి మెనూ చదవండి, ఆమె ఏమి తినదలచుకుందో ఆమె చేతనే చెప్పించండి.

ఇంకొక మాట కూడా ఉంది. రాత్రి భోజనానికి కాకుండా మధ్యాహ్న భోజనానికి వెళ్లండి. రైలులో గంట ప్రయాణం, అరవై కిలోమీటర్లు. కారులో తగరపువలస, ఆనందపురం మీదుగా రాత్రివేళ తిరుగు ప్రయాణం చేయాలన్న ఆలోచన వెనుక ఉంటే ఎవరికీ భోజనం మీద మనసు నిలవదు. పెద్ద రెస్టారెంట్లలో పనిదినాల మధ్యాహ్నం రద్దీ తక్కువగా ఉంటుంది కనుక, మీరు అడిగే ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పే తీరిక కూడా అక్కడివారికి ఉంటుంది.

బొబ్బిలి రైతుబిడ్డ (బొబ్బిలి)

నా అభిప్రాయం వేరు. నేను నా భార్యతో కలిసి ఒక పెద్ద నగరంలో అలాంటి చోటికి వెళ్లాను. ఊరి పేరు, హోటల్ పేరు ఇక్కడ అనవసరం. పింగాణీ గిన్నెలో వచ్చిన నూడుల్స్ మన బండి మీద దొరికే వాటికంటే చప్పగా ఉన్నాయి, ధర మాత్రం అనేక రెట్లు ఉంది. బండి దగ్గర నిలబడి చూడండి, ఆ కుర్రవాడు ఎంత మంట మీద ఎంత ఒడుపుగా మూకుడు ఎగరవేస్తాడో. ఆ పనితనానికి విలువ ఇవ్వకుండా, చల్లని గది, తెల్లని బల్లగుడ్డ చూసి అయిదు వేలు పెట్టడం నాకు సమంజసంగా తోచదు. ఆ డబ్బుతో ఆమెకు ఒక మంచి చీర కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

వోక్ మాస్టర్ (శ్రీకాకుళం)

నేను కోల్‌కతాలోనూ, ముంబైలోనూ పెద్ద హోటళ్ల చైనీస్ వంటశాలల్లో పని చేసి, ఇప్పుడు సొంత ఊరికి వచ్చి స్థిరపడ్డాను. బొబ్బిలి మిత్రులు చెప్పిన దానిలో ఒక భాగం పూర్తిగా నిజం. బండి మీద వంట చేసేవారి చేతిలో ఉన్న విద్యను నేను ఎంతో గౌరవిస్తాను. అయితే బండి మీద దొరికేది ఒక వంట, స్టార్ హోటల్లో దొరికేది చాలా వరకు మరొక వంట. ఈ తేడా తెలియకుండా అక్కడికి వెళ్లి మళ్లీ నూడుల్స్, ఫ్రైడ్ రైసే తెప్పించుకుంటే ఎవరికైనా నిరాశే మిగులుతుంది.

మన దేశపు చైనీస్ వంట కోల్‌కతాలో పుట్టింది. 18వ శతాబ్దం చివరి భాగంలో టోంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి కోల్‌కతా దిగువన హుగ్లీ నది ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ చోటును ఈనాటికీ అచీపూర్ అంటారు. తర్వాత వచ్చిన హక్కా జాతి వారు టంగ్రా ప్రాంతంలో తోళ్ల పరిశ్రమ నడుపుతూ, మన మసాలాలతో, మన పచ్చిమిరపకాయలతో తమ వంటను మార్చుకుంటూ వచ్చారు. మీ శ్రీమతి గారు ఇష్టపడే మంచూరియాకు మూలమైన చికెన్ మంచూరియన్‌ను 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే కోల్‌కతా చైనీయుడు తయారు చేశాడని చెబుతారు. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, దానిలో సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ కలపడమే ఆ వంట రహస్యం. చైనాలో ఆ పేరుతో ఆ వంటకం లేదు. కాబట్టి ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: మనం తినేది భారతదేశంలో పుట్టిన చైనీయుల వంట, అది కూడా అసలైనదే, కాని అది చైనాలోని వంట కాదు.

ముంబై తాజ్ హోటల్లో 1973లో గోల్డెన్ డ్రాగన్ అనే చైనీస్ రెస్టారెంటు ప్రారంభమై, నైరుతి చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంటను మన దేశపు పెద్ద హోటళ్లకు పరిచయం చేసింది. ఆ తర్వాత స్టార్ హోటళ్లలో సాధారణంగా రెండు ప్రాంతాల వంటలు స్థిరపడ్డాయి. ఒకటి దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతపు వంట. దానిలో ఆవిరి మీద ఉడికించడం ప్రధానం, కారం తక్కువ, పదార్థపు సహజమైన రుచి పోకూడదన్నది నియమం. రెండవది సిచువాన్ వంట. దానిలో ఎండుమిర్చితో పాటు సిచువాన్ మిరియం వేస్తారు. అది మన మిరియం కాదు. నాలుక మీద వేయగానే సన్నగా జలదరించినట్లయి, కొద్దిసేపు తిమ్మిరి పడుతుంది. దానిలోని సాన్‌షూల్ అనే పదార్థం వల్ల అలా జరుగుతుంది. దీనికి దగ్గరి బంధువైన చెట్టు ఒకటి మన తూర్పు కనుమల అడవుల్లో ఉంది. కొంకణ తీరంలో దాని కాయలను తిర్ఫల్ అని చేపల కూరలో వేస్తారు. మీ శ్రీమతి గారికి ఆ తిమ్మిరి సంగతి ముందే చెప్పండి, లేకపోతే ఏదో పడలేదేమోనని కంగారు పడవచ్చు.

ఇక మీరు పెట్టే డబ్బుకు తగిన పనితనం ఎక్కడ కనిపిస్తుందో చెబుతాను. వెదురు బుట్టల్లో ఆవిరి మీద వచ్చే డిమ్ సమ్ తెప్పించండి. గోధుమ నుంచి తీసిన గంజిపిండితో అద్దంలా పలుచగా పైపొర చేసి, లోపలి కూర కనబడేటట్లు మడతలు పెట్టి, సరిగ్గా కొద్ది నిమిషాలే ఉడికించాలి. ఒక్క నిమిషం ఎక్కువైతే పొర చిరుగుతుంది, తక్కువైతే పళ్లకు అంటుకుంటుంది. మడతలు పెట్టడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. బండి మీద దొరకనిది, ఇంట్లో చేయలేనిది అదే.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి. మనకు ఎవరి విస్తరి వారిది, అందులోనే అన్నీ వడ్డిస్తాము. చైనా భోజనంలో అన్నం గిన్నె మాత్రమే ఎవరిది వారిది, మిగిలినవన్నీ బల్ల మధ్యలో అందరికీ కలిపి పెడతారు. వంటకాల ఎంపిక అంతా ఈ ఏర్పాటు మీదనే ఆధారపడి ఉంటుంది. ఒకటి మెత్తనిది, ఒకటి కరకరలాడేది, ఒకటి కారం, ఒకటి చప్పిడి, ఒకటి రసం ఉన్నది, ఇలా ఒకదానికొకటి తోడుగా ఉండాలి. "నాకు ఇది, నీకు అది" అని విడివిడిగా చెప్పుకుంటే ఆ భోజనం అర్థమే పోతుంది. ఇద్దరికైతే ఒక సూప్, రెండు రకాల డిమ్ సమ్, ఒక కూరగాయల వేపుడు, ఒక టోఫు (సోయా పాలను విరిచి చేసే పనీరు లాంటిది) వంటకం, చివరలో కొద్దిగా అన్నం లేదా నూడుల్స్ సరిపోతాయి. పెద్ద గిన్నెలు వస్తాయి కనుక సగం పరిమాణంలో ఇస్తారా అని అడగడానికి మొహమాటపడవద్దు.

అందుచేత నా సలహా ఏమిటంటే, ఆ ఒక్క పూట మీరు కూడా శాకాహారమే తినండి. బల్ల మీది గిన్నెల్లో సగం ఆమె చేయి చాపడానికి వీలులేనివి అయితే, మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర రెండు వేరు భోజనాలు చేసినట్లవుతుంది.

కోటగుమ్మం (విజయనగరం)

మాస్టర్ గారూ, ఎంతో వివరంగా రాశారు, కృతజ్ఞతలు. మీరు చెప్పిన చివరి మాట నాకు తట్టలేదు. తప్పకుండా అలాగే చేస్తాను. సోదరి గారు చెప్పినట్లు ఈ రాత్రే మెనూ ఆమెకు చూపిస్తాను. అయితే ఉల్లి, వెల్లుల్లి లేకుండా చైనీస్ వంట సాధ్యమేనా? సర్వర్ "వెజ్" అంటే నమ్మవచ్చా?

నెల్లిమర్ల శాకాహారి (నెల్లిమర్ల)

మేము పూర్తి శాకాహారులం. మా వారి ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బెంగళూరులో ఉన్నప్పుడు ఇలాంటి చోట్లకు వెళ్లేవాళ్లం. అందుకని ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలను.

సర్వర్లు అబద్ధం చెబుతారని కాదు, కాని "వెజ్" అంటే ముక్కలు లేవు అని మాత్రమే అర్థం చేసుకునేవారు ఉంటారు. జాగ్రత్తగా అడగవలసినది సాస్‌ల గురించి. ఆకుకూరలు, పుట్టగొడుగుల మీద నిగనిగలాడుతూ కనిపించే నల్లని సాస్ చాలాచోట్ల ఆయిస్టర్ సాస్. అది 1888లో దక్షిణ చైనాలో లీ కుమ్ షియుంగ్ తయారు చేసిన, ఆల్చిప్పల రసంతో కాచిన సాస్. పుట్టగొడుగులతో చేసిన శాకాహార ఆయిస్టర్ సాస్ వేరుగా దొరుకుతుంది, అదే వాడమని చెప్పాలి. కూరగాయల సూప్‌కు కూడా కోడి ఎముకలు కాచిన నీరు వాడే అవకాశం ఉంది. నూడుల్స్‌లో గుడ్డు కలిసినవి ఉంటాయి, కాబట్టి బియ్యపు నూడుల్స్ అడగడం మేలు. ఎక్స్‌ఓ సాస్ అని ఉంటే అందులో ఎండురొయ్యలు ఉంటాయి. మాపో టోఫు అనే ప్రసిద్ధమైన సిచువాన్ వంటకం పేరులో టోఫు ఉన్నా, సంప్రదాయం ప్రకారం దానిలో మాంసం కైమా వేస్తారు.

ఇక ఉల్లి, వెల్లుల్లి లేని వంట గురించి. చైనాలో బౌద్ధ ఆశ్రమాల శాకాహార వంటకు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ సంప్రదాయంలో మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి జాతివన్నీ నిషిద్ధం. మన కార్తీక నియమానికి అది ఎంత దగ్గరగా ఉందో చూడండి. అక్కడ రుచి అంతా ఎండబెట్టిన పుట్టగొడుగులు, అల్లం, నువ్వుల నూనె, పులియబెట్టిన సోయా నుంచి వస్తుంది. లో హాన్ జాయ్ అనే బౌద్ధ కూరగాయల వంటకం చాలా మంచి రెస్టారెంట్ల మెనూల్లో ఏదో ఒక పేరుతో ఉంటుంది. నేర్పు ఉన్న వంటవారికి "బౌద్ధ శాకాహార పద్ధతిలో కావాలి" అని ఒక్క మాట చెబితే చాలు. అయితే ఆ మాట బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పకూడదు. బల్ల కోసం ఫోన్ చేసినప్పుడే చెప్పాలి, వీలైతే వంటశాల పెద్దతోనే మాట్లాడతానని అడగాలి. ముందుగా కలిపి ఉంచిన సాస్‌లలో వెల్లుల్లి ఉంటుంది, అప్పటికప్పుడు వేరుగా చేయడానికి వారికి వ్యవధి ఉండదు. మూకుడు, ఆవిరి బుట్టలు వేరుగా ఉంటాయా అన్న ప్రశ్న కూడా అప్పుడే అడిగేయండి. మీ శ్రీమతి గారికి ఆ పట్టింపు ఉందో లేదో ఆమెకే తెలుసు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

బల్ల దగ్గర పద్ధతుల గురించి రెండు మాటలు. చాప్‌స్టిక్స్ రాకపోవడం తప్పేమీ కాదు, చెంచా అడిగితే ఇస్తారు. కాని వాటిని పట్టుకుని చూసేటట్లయితే అన్నంలో నిలువుగా గుచ్చి ఉంచవద్దు. చనిపోయినవారికి పెట్టే అన్నంలో అగరువత్తులు గుచ్చిన తీరును అది గుర్తు చేస్తుందని వారు దానిని అశుభంగా భావిస్తారు. గిన్నెలు మధ్యలో పెట్టుకుని పంచుకోవడం వల్ల ఎంగిలి అవుతుందన్న సంకోచం మనవారికి సహజంగానే ఉంటుంది. వడ్డించుకోవడానికి ప్రతి గిన్నెకూ వేరే గరిట అడగండి. చైనాలోనూ వడ్డనకు విడిగా చాప్‌స్టిక్స్ పెట్టే అలవాటు ఉంది, కాబట్టి అది ఎవరికీ వింతగా అనిపించదు.

టీ తప్పక తెప్పించుకోండి. మల్లెపూల పరిమళం పట్టించిన జాస్మిన్ టీ అయితే ఆడవారికీ మగవారికీ నచ్చుతుంది. పాలు, పంచదార ఉండవు. కుండలో టీ అయిపోయినప్పుడు మూత కొద్దిగా పక్కకు జరిపి ఉంచితే, మళ్లీ వేడినీళ్లు పోయమని అర్థం.

చీపురుపల్లి పద్దులు (చీపురుపల్లి)

బిల్లు విషయం ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం ఉంటుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటిన హోటళ్లలోని రెస్టారెంట్లకు 18 శాతం వర్తిస్తుంది. అందుచేత మెనూలో నాలుగు వేలు కనిపించినా, చెల్లించేది 4,720 రూపాయలు కావచ్చు. మీ అయిదు వేల లెక్కలో దీనిని ముందే చేర్చుకోండి. సర్వీస్ చార్జి వేరు. దానిని బిల్లులో తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. సేవ నచ్చితే మీ ఇష్టప్రకారం ఇవ్వండి, నచ్చకపోతే తీసివేయమని మర్యాదగా అడగవచ్చు. సీసా నీళ్లకు కూడా హోటల్ ధర ఉంటుంది కనుక, వద్దనుకుంటే మామూలు మంచినీళ్లు అడగండి.

కోటగుమ్మం (విజయనగరం)

వెళ్లి వచ్చాము. సలహాలు ఇచ్చిన వారందరికీ ఎలా జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మెనూ చూపించిన రాత్రి ఆమె ఒక కాగితం తీసుకుని, తనకు కావలసినవి, అడగవలసిన ప్రశ్నలు రాసుకుంది. రెస్టారెంటుకు ఫోన్ కూడా ఆమే చేసింది. బౌద్ధ పద్ధతి అనగానే అవతలివారు వంటశాల పెద్దకు ఫోన్ ఇచ్చారు, ఆయన ఏవి చేయగలరో, ఏవి చేయలేరో స్పష్టంగా చెప్పారు. మధ్యాహ్నం వెళ్లాము. తామరతూడు సన్నని చక్రాలుగా తరిగి చేసిన వేపుడు, పుట్టగొడుగులు, పాలకూర నింపిన డిమ్ సమ్, అల్లం వేసిన టోఫు, బియ్యపు నూడుల్స్ తెప్పించుకున్నాము. డిమ్ సమ్ మడతలను ఆమె తినకుండా చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. కజ్జికాయల అంచు మడవడంలో మా అత్తగారింట్లో ఆమెదే మంచి చేయి, అందువల్ల కాబోలు. సిచువాన్ మిరియం వేసిన వేపుడు మాత్రం ఆమెకు నచ్చింది, నాకు నచ్చలేదు. గిన్నెలో మిగిలినదంతా ఆమే పూర్తి చేసింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇన్నేళ్లలో బయటకు వెళ్లినప్పుడల్లా ఏమి తెప్పించాలో నేనే చెప్పేవాణ్ణి, ఆమె సరేననేది. ఆ రోజు ప్రతి గిన్నె గురించీ ఆమె మాట్లాడింది, నేను విన్నాను. ఇది ఇంత సంతోషంగా ఉంటుందని నాకు తెలియదు. బిల్లు అయిదు వేలకు కొంచెం లోపే అయింది.

బొబ్బిలి రైతుబిడ్డ (బొబ్బిలి)

చదివి సంతోషించాను. ఆ ధరలు ఎక్కువే అన్న అభిప్రాయం నాకు ఇప్పటికీ ఉంది. కాని మేము వెళ్లినప్పుడు ఎవరి నూడుల్స్ వారు తిని లేచి వచ్చామన్నది వాస్తవం. ఆవిరి వంటకాల గురించి మాస్టర్ గారు రాసింది చదివాక, పంట డబ్బు చేతికి వచ్చాక మా ఇంటావిడను మరొకసారి తీసుకువెళ్లాలని ఉంది.

అరసవల్లి గృహిణి (శ్రీకాకుళం)

నాది కూడా ఇలాంటి ప్రశ్నే. మా వారికి రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయి. ఆయన ఉద్యోగ విరమణ సందర్భంగా ఇద్దరమే ఇలాంటి చోటికి వెళ్లాలని ఉంది. మేము చేప తింటాము. అజినొమోటో వేస్తారు, ఆయనకు మంచిది కాదని పిల్లలు భయపెడుతున్నారు.

వోక్ మాస్టర్ (శ్రీకాకుళం)

అమ్మా, అజినొమోటో గురించిన భయం 1968లో అమెరికాలో ఒక వైద్యపత్రికకు వచ్చిన ఉత్తరంతో మొదలైంది. తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు మోతాదులో అది అందరికీ హాని చేస్తుందని నిలకడగా రుజువు కాలేదు. అజినొమోటోలో ఉండే గ్లుటమేట్ అనే పదార్థమే టమాటాలోనూ సహజంగా ఉంటుంది. వద్దనుకుంటే వేయవద్దని చెప్పవచ్చు, ఏ వంటశాలలోనూ కాదనరు.

మీ వారి విషయంలో అసలు చూసుకోవలసింది సోయా సాస్. ఒక పెద్ద చెంచాలో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అజినొమోటో మానేసి సాస్ మాత్రం మామూలుగా పోయించుకుంటే ప్రయోజనం ఉండదు. తీపి పులుపు సాస్‌లలో పంచదార, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ ఉంటాయి కనుక అవి ఆయనకు వద్దు. అల్లం, ఉల్లికాడలతో ఆవిరి మీద ఉడికించిన చేప తెప్పించండి, కాంటన్ వంటలో దానిని మించినది లేదని నా నమ్మకం. ఆ చేప మీద పోసే సోయాను పక్కన చిన్న గిన్నెలో ఇవ్వమని అడగండి. దానితో పాటు సాస్ లేకుండా వేయించిన ఆకుకూర ఒకటి, ఫ్రైడ్ రైస్‌కు బదులు ఇద్దరికీ కలిపి ఒక చిన్న గిన్నె తెల్లన్నం చెప్పండి. చేప పెద్దదైతే ఇద్దరికి ఎక్కువవుతుంది, కాబట్టి ఎంత బరువున్న చేప ఉందో ఫోన్‌లోనే కనుక్కోండి. ఆయన మందులు వేసుకునే సమయానికి భోజనం బల్ల మీదకు రావాలని కూడా అప్పుడే చెప్పండి.